ఆగని గిటారు పక్కన మాండలిన్

రాయగడ తెలుగు పెళ్లిళ్లలో సన్నాయి మోగినా, కొరాపుట్ కొండల్లో ఢెంసా ఆటకు డోలుతో కలిసి ఊదుడు వాద్యం మొహూరి పలికినా, రాగాన్ని నడిపేది ఊపిరే. ఊదిన స్వరం ఊపిరి ఆడినంతసేపూ నిలుస్తుంది. మీటిన తీగ మోగిన మరుక్షణం నుంచే సన్నగిల్లుతుంది. ఈ తేడా తెలిసిన చెవితో వినాల్సిన ఆల్బం ‘డ్రీమ్’. 1995లో రియల్ వరల్డ్ సంస్థ విడుదల చేసింది. అట్ట మీద ఇద్దరి పేర్లు: పాలకొల్లులో పుట్టిన మాండలిన్ యు. శ్రీనివాస్, కెనడా గిటారిస్టు మైకేల్ బ్రూక్. ఫ్యూజన్ అన్న గంపలో పడేసి చాలామంది దీన్ని మరిచిపోయారు. నిజానికి ఇది శ్రీనివాస్ చిన్నప్పటి నుంచీ తన వాద్యంతో పడిన పెనుగులాటకు కొనసాగింపు.

మాండలిన్‌కు నాలుగు జంట తీగలు. జంటను లాగి గమకం పలికించడం కష్టం. పలికినా నాదం వెంటనే ఆరిపోతుంది. గురువు రుద్రరాజు సుబ్బరాజుకు మాండలిన్ రాదు. ఆయన పాడేవారు, శిష్యుడు వాయించేవాడు. అంటే ఆ కుర్రవాడి ముందున్న కొలమానం గొంతే. గొంతులా సాగాలంటే వాద్యం మారాలి. అందుకే జంట తీగలు పోయి ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ వచ్చింది. లాగడానికి తీగ లొంగింది, విద్యుత్తు నాదానికి కొంత ఆయువు పోసింది. ఇక బ్రూక్ సంగతి. ఆయన తయారుచేసుకున్న ‘ఇన్ఫినిట్ గిటార్’లో ఒక్కసారి మోగిన స్వరం వాయించేవాడు వద్దనేదాకా ఆగదు. ఒకరు స్వరాన్ని నిలపడానికి ఏళ్ల తరబడి కష్టపడినవారు, మరొకరు నిలుపుదలనే వాద్యంగా మలచుకున్నవారు. కచేరీలో తంబురా కూర్చునే చోట ‘డ్రీమ్’లో ఆ గిటారు కూర్చుంది. కాకపోతే తంబురాలా ఒకేచోట ఉండదు, కదులుతుంది. శ్రోతను తికమకపెట్టేదీ, నాకు నచ్చేదీ అదే.

ఫ్యూజన్ అన్నాక ఇందులో జాజ్ ఎక్కడుందని అడగొచ్చు. ఊగే లయే జాజ్ అనుకుంటే లేదు. కానీ 1983లో పద్నాలుగేళ్ల శ్రీనివాస్‌ను బెర్లిన్ జాజ్ ఉత్సవానికి పిలిచినవాళ్లు కోరుకున్నది ఆ లయను కాదు, అప్పటికప్పుడు పుట్టే కల్పనను. దాన్ని మనం మనోధర్మం అంటాం. కొత్తదారి జాజ్ గిటారిస్టులు పాట చట్రాన్ని వదిలి నాదం నిడివి మీద, రంగు మీద దృష్టిపెట్టారు. బ్రూక్ పనీ ఆ దారికి దగ్గరే. రెండో అభ్యంతరం బరువైనది: పల్లవి, చరణం, సాహిత్యం లేకపోతే కర్ణాటక సంగీతంలో మిగిలేదేమిటి? నష్టం ఉంది, కాదనను. అయితే అదే సంస్థ అంతకు ముందు ఏడాదే శ్రీనివాస్ శాస్త్రీయ ఆల్బం ‘రామ శ్రీరామ’ను విడుదల చేసింది. పాశ్చాత్యుల కోసం ఆయన కృతిని పలచన చేశారన్న మాట ఇక నిలవదు.

తర్వాత గిటారిస్టు జాన్ మెక్లాఫ్లిన్ ‘రిమెంబర్ శక్తి’ బృందంలో శ్రీనివాస్ ఎంతో పేరు తెచ్చుకున్నారు. గిటారు, మాండలిన్ సంవాదానికి ఎన్ని చప్పట్లు కొట్టినా తక్కువే. సాహసం మాత్రం ‘డ్రీమ్’లోనే ఎక్కువ: అక్కడ ఎదురుగా ఉన్నది తనలా మీటే మరో విద్వాంసుడు కాదు, మళ్లీ మీటక్కర్లేని తీగ.