బెల్లం వేసినా తీపి తీపే: పండ్లు, మసాలా దినుసులతో ఇంట్లో కప్పు కేకులు



వానలు వెనుకబట్టి కంది చేలు పూతకు వచ్చే కాలమిది. తాండూరు బజారులో సీతాఫలాల గంపలు కనబడుతున్నాయి. దసరా, దీపావళి, సంఘంలో కోత పండుగ, ఆ తరువాత క్రిస్మసు. ఈ మూడు నెలలు మన ఇండ్లలో ఏదో ఒక తీపి వస్తువు ఉంటూనే ఉంటుంది. పిల్లలు మఫిన్లు కావాలని అడుగుతున్నారని, ఇంట్లో ఎలా చేయాలని కొందరు తల్లులు మమ్మల్ని అడిగారు. చెబుతాము. అయితే ముందుగా ఒక సంగతి.

ఇటువంటి పండుగ రోజుల్లోనే ఒక పెద్దమ్మ కాలి పుండుతో మా దగ్గరకు వచ్చింది. పుండు మానడం లేదు, షుగరు బాగా పెరిగింది. ఏమి తింటున్నావమ్మా అని అడిగితే, "చక్కెర ముట్టలే సిస్టరమ్మా. బిడ్డ ఇంట్ల కేకులు చేసింది. అండ్ల అంతా బెల్లం, ఖర్జూరమే" అన్నది. రోజుకు మూడు నాలుగు తింటున్నదట. ఆమె అబద్ధం చెప్పలేదు. చక్కెర మానడమంటే తెల్ల చక్కెర మానడమేనని నమ్మింది. విడమరచి చెప్పకపోవడం మా లోపమే. అందుకే ఈ వ్యాసం.

బెల్లం, తేనె, ఖర్జూరం

బెల్లంలో దాదాపు అంతా చక్కెరే. కొద్దిగా ఇనుము, ఇతర లవణాలు ఉన్నా, అది రక్తహీనతకు మందు కాదు. డాక్టరు రాసిన ఐరన్ మాత్రలు మానవద్దు. ఎండు ఖర్జూరంలో సగానికి పైగా చక్కెరే ఉంటుంది. తేనె కూడా అంతే. పైగా ఏడాది నిండని పసిబిడ్డకు తేనె అసలు నాకించకూడదు. దాల్చినచెక్క షుగరు తగ్గిస్తుందని కొందరు మాత్రలు మానేస్తున్నారు. అది రుచికి, వాసనకు మాత్రమే. మాత్రకు బదులు కాదు.

ఏ పండ్లు వాడాలి?

కేరళలోని తలస్సేరిలో 1883లో మంబళ్ళి బాపు అనే బేకరీ యజమాని మన దేశంలో మొదటి క్రిస్మస్ కేకు చేశాడని చెబుతారు. అతడు అక్కడ దొరికే అరటిపండ్లు, మసాలా దినుసులే వాడాడట. మనమూ అలాగే మన బజారులో దొరికేవి వాడుకుందాం. మచ్చలు పడి బాగా మాగిన అరటిపండ్లు అన్నిటికంటే మేలు. వాటి తీపి వలన బెల్లం తగ్గించవచ్చు.

సీతాఫలం మాత్రం ఇందులో వేయవద్దు. దాని గుజ్జు వేడి తగిలితే చేదెక్కుతుంది. దానిని పచ్చిగానే తినండి. గింజలు పిల్లలకు అందకుండా పారవేయండి. పేల కోసం ఆ గింజల పొడి తలకు పట్టించే అలవాటు కొన్ని ఊళ్ళలో ఉంది. అది కంటిలో పడితే నల్లగుడ్డుకు గాయమవుతుంది. దయచేసి ఆ పని చేయవద్దు.

కావలసినవి (పది చిన్న కేకులకు)

గోధుమ పిండి 150 గ్రాములు, జొన్న పిండి 50 గ్రాములు, బెల్లం తురుము 80 గ్రాములు, మాగిన అరటిపండ్లు 2, కోడిగుడ్డు 1, పెరుగు అర కప్పు, నూనె 60 మి.లీ., కిస్‌మిస్‌లు 2 పెద్ద చెంచాలు, సన్నగా తరిగిన ఖర్జూరాలు 4, బేకింగ్ పౌడరు ఒకటిన్నర చిన్న చెంచా, తినే సోడా పావు చిన్న చెంచా, దాల్చినచెక్క పొడి అర చిన్న చెంచా, శొంఠి పొడి పావు చిన్న చెంచా, ఏలకులు 3, లవంగాలు 2 దంచిన పొడి.

డాల్డా వద్దు, ఇంట్లో వాడే నూనె చాలు. నూనెలు, వనస్పతిలో ట్రాన్స్ కొవ్వు 2 శాతం మించరాదని 2022 జనవరి నుండి మన దేశంలో నియమం ఉంది. అయినా వనస్పతిలో గుండెకు మంచిది కాని గట్టి కొవ్వు ఎక్కువే.

చేసే విధానం

1. పిండ్లు, సోడా, బేకింగ్ పౌడరు, మసాలా పొడులు కలిపి జల్లించండి.

2. వేరే గిన్నెలో అరటిపండ్లు మెత్తగా చిదిమి బెల్లం, గుడ్డు, పెరుగు, నూనె వేసి గిలకొట్టండి.

3. ఓవెన్ లేనివారు పాత మందపాటి గిన్నెలో అంగుళం మందాన పొడి ఇసుక పోసి, లోపల స్టాండు పెట్టి, మూత వేసి, మధ్యస్థమైన మంటపై పది నిమిషాలు వేడి చేయండి. కుక్కరే వాడితే గాస్కెట్, విజిల్ తప్పక తీసివేయాలి.

4. పొడి పిండిని, అరటిపండ్ల మిశ్రమాన్ని చెరి రెండు భాగాలు చేయండి. ఒక వాయికి సరిపడా మాత్రమే కలపండి. పిండి తడిస్తే చాలు, ఎక్కువసేపు కలిపితే కేకులు గట్టిపడతాయి. కిస్‌మిస్‌లు, ఖర్జూరం వేయండి.

5. నూనె రాసి పిండి చల్లిన చిన్న స్టీలు గిన్నెల్లో ముప్పాతిక వంతు నింపి స్టాండు మీద పెట్టండి. సన్నని మంటపై 25 నుండి 30 నిమిషాలు ఉంచండి. ఓవెన్ అయితే 180 డిగ్రీలలో 20 నిమిషాలు. శుభ్రమైన పుల్ల గుచ్చితే తడి అంటకుండా రావాలి.

రెండు వాయిలు ఎందుకంటే, సోడా పెరుగులోని పులుపుతో కలవగానే గాలి బుడగలు పుడతాయి. ఆ బుడగల వల్లనే కేకు పొంగుతుంది. కలిపి ఊరకే ఉంచితే బుడగలు పోతాయి. జొన్న పిండికి గోధుమ పిండిలా సాగే గుణం లేదు గనుక పావు వంతుకు మించితే కేకులు పొడిపొడిగా విరిగిపోతాయి.

గుడ్డు, పెరుగు ఉన్నందున బయట ఒక రోజు, ఫ్రిజ్‌లో మూడు రోజుల కంటే ఎక్కువ నిలువ ఉంచవద్దు.

ఎవరు ఎంత తినవచ్చు?

ఈ కొలతలతో చేసిన ఒక కేకులో సుమారు 190 నుండి 200 కేలరీలు, 30 గ్రాముల పిండిపదార్థం ఉంటాయి. అంటే ఒకటిన్నర చిన్న పుల్కాలు, పైన ఒక చెంచా నూనె తిన్నట్లే.

షుగరు ఉన్నవారు: షుగరు అదుపులో ఉన్నప్పుడు సగం కేకు, అదీ భోజనంలో ఒక చిన్న పుల్కా మానుకొని. భోజనం తరువాత అదనంగా కాదు. అదుపులో లేకపోతే కొంతకాలం వద్దు. చెమటలు, వణుకు వచ్చి షుగరు పడిపోయినప్పుడు కూడా కేకు పనికిరాదు. అందులోని నూనె వలన చక్కెర ఆలస్యంగా రక్తంలోకి చేరుతుంది. స్పృహలో ఉంటే మూడు చిన్న చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి వెంటనే త్రాగించండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకురండి.

బి.పి. ఉన్నవారు: సోడాలో, బేకింగ్ పౌడరులో ఉప్పులోని సోడియమే ఉంది. కనుక విడిగా ఉప్పు వేయలేదు. కొలత పెంచవద్దు.

కిడ్నీ జబ్బు ఉన్నవారు: అరటిపండు, ఖర్జూరంలో పొటాషియం ఎక్కువ. డాక్టరును అడిగిన తరువాతనే తినండి.

చిన్న పిల్లలు: ఐదేళ్ళలోపు వారికి కిస్‌మిస్‌లు చిదిమి వేయండి, జీడిపప్పు, బాదం పలుకులుగా వేయవద్దు. గొంతులో అడ్డుపడవచ్చు. బడి పిల్లలకు సాయంత్రం ఒకటి, ఒక గ్లాసు పాలతో మంచిదే.

ఆ పెద్దమ్మ మా వార్డులో చాలా రోజులు ఉండవలసి వచ్చింది. పుండు మానింది, కాలు నిలిచింది. ఇంటికి వెళ్ళే రోజున బిడ్డను పక్కన కూర్చోబెట్టి ఈ లెక్కంతా ఇద్దరికీ చెప్పాము. బిడ్డ కళ్ళనీళ్ళు పెట్టుకున్నది. అమ్మ మీద ప్రేమతోనే చేసింది మరి. కేకులు మానమని మేము చెప్పలేదు. సగం తుంచి అమ్మకు, మిగతా సగం మనవడికి పెట్టమన్నాము.

ఈ పండుగలకు మీరూ చేసుకోండి. ఇంట్లో షుగరు, బి.పి. ఉన్నవారు ఎవరైనా ఉంటే, వారి ముందు పళ్ళెం పెట్టే ముందే లెక్క చూసుకోండి.