చారిత్రక కట్టడాలలో కిటికీలు, నామఫలకాల మార్పుల పరిశీలన (హైదరాబాదు)

చారిత్రక కట్టడాలలో కిటికీలు, నామఫలకాల మార్పుల పరిశీలన అనగా వారసత్వ జాబితాలో చేరిన భవనానికి గాని, అటువంటి భవనాలు బారులు తీరిన వీధికి గాని బయటి రూపంలో మార్పు తలపెట్టినపుడు, ఆ మార్పు తగునా తగదా అని ఒక నిపుణుల సంఘం ముందుగా చూసి అనుమతి ఇచ్చే, లేక నిరాకరించే పద్ధతి. హైదరాబాదులో ఈ పద్ధతి 1995లో మొదలైనది. దానికి ఆధారమైన నిబంధన 2015లో తొలగించబడినది. ఆ తొలగింపు వలన ఏమి జరుగగలదో నగరానికి స్పష్టంగా తెలియజెప్పిన ఉదంతం పంజాగుట్టలోని ఎర్రమంజిల్ భవనానిది. దానికి కూతవేటు దూరంలోనే, నగరంలో నామఫలకాలు మిక్కిలి ఒత్తుగా కనిపించే అమీర్‌పేట కూడలి కలదు. అందువలన ఈ విషయాన్ని ఈ రెండు పేటల ఆధారంగా వివరించుట సులభం.

ఈ పద్ధతి పుట్టుక

ఒక్క భవనాన్ని కాక ఒక పేటనంతటినీ చారిత్రక ప్రాంతంగా గుర్తించి, అందులో జరిగే బయటి మార్పులను ఒక సంఘం పరిశీలించే ఏర్పాటు అమెరికాలోని చార్లెస్టన్ నగరంలో 1931లో వచ్చినది. న్యూయార్కు నగరం 1965లో ఇటువంటి సంఘాన్ని ఏర్పరచుకొన్నది. అక్కడ కిటికీలకు, దుకాణాల బోర్డులకు వేర్వేరుగా నియమాలున్నవి. ఇంగ్లండులో జాబితాకెక్కిన భవనం స్వరూపాన్ని మార్చవలెనన్న ప్రత్యేక అనుమతి తప్పనిసరి. ప్రస్తుతం అక్కడ అమలులో ఉన్నది 1990 నాటి చట్టం.

భారతదేశంలో పురావస్తు శాఖ రక్షణలోని స్మారకాలకు (హైదరాబాదులో చార్మినారు, గోల్కొండ కోట మొదలైనవి) కేంద్ర చట్టం వర్తించును. కానీ మనుషులు నివసిస్తున్న దేవిడీలు, కార్యాలయాలుగా మారిన మహళ్ళు, దుకాణాల వరుసలు ఆ చట్టంలోనికి రావు. అటువంటివాటి కొరకు 1995 ఏప్రిల్‌లో బొంబాయి నగరంలో ప్రత్యేక నిబంధనలు వచ్చినవి. అదే సంవత్సరం డిసెంబరు 14న ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వం 542వ నంబరు ఉత్తర్వు ద్వారా హైదరాబాదు పట్టణాభివృద్ధి సంస్థ (హుడా) 1981 నాటి నిబంధనలలో 13వ నిబంధనను చేర్చినది. 1998లో 137 కట్టడాలతో జాబితా ప్రకటించబడినది. కట్టడాలతో పాటు నగరపు పురాతన శిలా సముదాయాలను కూడా ఇదే నిబంధన క్రింద రక్షించుట హైదరాబాదు ప్రత్యేకత.

13వ నిబంధన ప్రకారం జాబితాలోని భవనాన్ని కూల్చుటకే కాదు, మరమ్మతుకు, రంగు వేయుటకు, గిలాబు చేయుటకు, భవనంలోని విశిష్ట భాగాలను తీసి వేరొకటి పెట్టుటకు కూడా హుడా ఉపాధ్యక్షుని ముందస్తు అనుమతి కావలసి ఉండెను. ఆయన వారసత్వ పరిరక్షణ సంఘం సలహా తీసుకొని నిర్ణయించేవాడు. సొంత ఇంటికి రంగు వేసుకొనుటకు కూడా అనుమతి ఎందుకని యజమానులు అడిగినారు. ఇది కొట్టివేయదగిన ప్రశ్న కాదు. భవనపు విలువ ఊరందరిదీ, ఖర్చు మాత్రం ఒక్కరిదీ అయినపుడు ఆ ప్రశ్న తప్పదు. దీనికి సమాధానంగానే కేంద్ర ప్రభుత్వపు 2016 నమూనా భవన నియమావళిలో యజమానికి బదిలీ చేయదగిన నిర్మాణ హక్కులు ఇవ్వవచ్చునని చెప్పబడినది. అనగా తన స్థలంలో కట్టలేకపోయిన విస్తీర్ణపు హక్కును వేరొకచోట కట్టుకొనేవారికి అమ్ముకొనవచ్చును.

శ్రేణులు

నమూనా నియమావళి కట్టడాలను మూడు శ్రేణులుగా విభజించినది. మొదటి శ్రేణిలో లోపల గాని, బయట గాని భవనం బలానికి అవసరమైన పనులు తప్ప వేరే మార్పులు కూడవు. రెండవ శ్రేణిలో లోపలి మార్పులకు సాధారణంగా అభ్యంతరం ఉండదు, బయటి మార్పులు పరిశీలనకు లోబడి ఉండును. మూడవ శ్రేణిలో మరికొంత స్వేచ్ఛ కలదు. సంఘంలో నిర్మాణ ఇంజనీరు, వాస్తుశిల్పులు, పర్యావరణవేత్త, చరిత్రకారుడు మొదలైనవారు ఉండవలెను. నామఫలకాలు, వీధి దీపాలు, బల్లల వంటివాటికి కూడా ఈ సంఘం సలహా అవసరమని ఆ నియమావళిలో ఉన్నది. కిటికీలు, బోర్డులు ఎక్కువగా వివాదాస్పదమయ్యేది రెండవ శ్రేణి భవనాలలోనే.

కిటికీలు

పాత హైదరాబాదు భవనాల గోడలు రాతితో గాని, ఇటుకతో గాని, గానుగ సున్నంతో కట్టబడినవి. మందం రెండు అడుగులకు తగ్గదు, ఎక్కువ కూడా ఉండును. కిటికీ చట్రం గోడ మందంలో కొంత లోపలికి అమర్చబడి ఉండును. ఈ లోతు వలన కిటికీ చుట్టూ నీడ ఏర్పడును. ఎదుటి గోడకు గంభీరత తెచ్చేది ఈ నీడయే. కమాను క్రింద రంగుటద్దాల అర్ధచంద్రాకారం, దాని క్రింద టేకు రెక్కలు, రెక్కలలో వాలుగా పేర్చిన చెక్కపలకలు, ముందర సున్నపు నగిషీ, పైన చజ్జా - ఇవన్నీ కలిపి ఒక కిటికీ. ఎండ రాకుండా గాలి మాత్రం వచ్చుటకు ఇది పనికివచ్చిన ఏర్పాటు. వాలు పలకలు మూసినా గాలి ఆడును, పైనున్న వెంటిలేటరు గుండా వేడి గాలి వెళ్ళిపోవును.

ఇటువంటి కిటికీ తీసి అల్యూమినియం జారుడు కిటికీ పెట్టినపుడు జరిగేది కేవలం అందచందాల విషయం కాదు. జారుడు కిటికీలో ఎప్పుడూ సగభాగమే తెరుచుకొనును. చట్రం గోడ అంచుకు బిగించబడుట వలన నీడ పోవును, కమాను ఆకారానికి చట్రం సరిపడక పైభాగాన్ని ఇటుకతో మూసివేయుదురు. చట్రం చుట్టూ సిమెంటు పూయుదురు. సున్నపు గోడ తేమను పీల్చి మరల వదలుచుండును. సిమెంటు ఆ తేమను లోపలనే బంధించును. కొన్ని వర్షాకాలాల తరువాత సిమెంటు పూత చుట్టూ ఉన్న పాత గచ్చు పొరలుగా రాలిపోవును. శీతలీకరణ యంత్రం కొరకు గోడకు కొట్టిన రంధ్రం నుండి కారే నీరు కూడా ఇదే పని చేయును.

కాబట్టి పరిశీలకులు వేసే ప్రశ్నలు ఒక క్రమంలో ఉండును. ఇప్పుడున్న కిటికీ భవనం కట్టిననాటిదా, మధ్యలో మార్చినదా? మధ్యలో మార్చినదైతే దానిని కాపాడవలసిన పని అంతగా లేదు. పాతదైతే, పుచ్చినది చట్రమంతయునా, లేక నీరు నిలిచే క్రింది కమ్మియేనా? సాధారణంగా పాత టేకు కిటికీలో చెడేది క్రింది కమ్మి, బందుల దగ్గరి చెక్క మాత్రమే. ఆ ముక్కను కోసి అదే జాతి చెక్కను అతుకుట వడ్రంగులకు తెలిసిన పనే. మార్చక తప్పనిచో కొత్తది అదే కొలతలతో, అదే లోతులో, అదే విధంగా తెరుచుకొనునట్లు ఉన్నదా? ఆ కిటికీ వీధిలోనికి కనిపించునా, వెనుక పెరటి వైపుదా? పెరటి వైపు కిటికీలకు సడలింపు ఇచ్చుట అన్ని దేశాలలోను ఉన్న ఆచారమే. దరఖాస్తుతో పాటు ఇప్పటి కిటికీ ఛాయాచిత్రాలు, కొలతలతో కూడిన పటం, కొత్త కిటికీ అడ్డుకోత పటం జతచేయవలసి ఉండును. అడ్డుకోత పటం లేని దరఖాస్తు వలన లోతు తెలియదు. లోతు తెలియనిచో పరిశీలనకు అర్థం లేదు.

నామఫలకాలు

బోర్డు విషయంలో చూసేవి పరిమాణం, స్థానం, బిగింపు, వెలుగు. పాతకాలపు దుకాణాలలో పేరు కమాను పైనున్న పట్టీలో రంగులతో వ్రాయబడేది. వ్రాసేవాడు కమాను వంపును అనుసరించి అక్షరాలు కూర్చేవాడు. ఫ్లెక్సీ వచ్చిన తరువాత ఇనుప చట్రం కట్టి దానిపై గుడ్డ బిగించుట మొదలైనది. చట్రం ఎంత పెద్దదైనా ఖర్చులో పెద్ద తేడా లేదు గనుక బోర్డులు పెరిగి పై అంతస్తు కిటికీలను కూడా కప్పివేసినవి. అందువలన కిటికీల సమస్య, బోర్డుల సమస్య తరచు ఒకే సమస్యగా మారును. బోర్డు వెనుకనున్న కిటికీ ఎట్లాగూ కనిపించదు గదా అని దానిని మూసివేయుదురు.

పాతనగరంలోని పత్తర్‌గట్టి దీనికి మంచి ఉదాహరణ. 1908 మూసీ వరదల తరువాత నగర పునర్నిర్మాణానికి 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి ఈ రాతి కమానుల వరుసను కట్టించినది. క్రింద దుకాణాలు, పైన నివాసాలు. వరుస అంతా ఒకే తీరుగా ఉండుటలోనే దాని అందమున్నది. ఒక్క దుకాణదారు కమానుకు అడ్డంగా బోర్డు కట్టిన ఆ తీరు తెగిపోవును. ఒకడు కట్టగా ప్రక్కవాడు అంతకంటె పెద్దది కట్టక తప్పదు.

బిగింపు విషయంలో ఒక చిన్న సూత్రం కలదు. మేకు గాని, బోల్టు గాని రాతిలో కాక రాళ్ళ మధ్యనున్న సున్నపు అతుకులో దిగవలెను. అతుకును తిరిగి పూడ్చవచ్చును, రాయి పగిలిన అతకదు. పైగా ఇనుము తుప్పు పట్టినపుడు ఉబ్బి రాతిని చీల్చును. అందుచేత తుప్పు పట్టని లోహపు బిగింపులే వాడుమని చెప్పుదురు.

దుకాణాల చట్టపు నియమాల ప్రకారం బోర్డుపై పేరు తెలుగులో ఉండవలెను, వేరే భాషలు దాని తరువాతనే. బోర్డు చిన్నదైన అక్షరాలు పట్టవని కొందరు వ్యాపారులు చెప్పే కారణం పస లేనిది. తెలుగు అక్షరాలకు ఒత్తుల కొరకు వరుసల మధ్య చోటు కొంచెం ఎక్కువ కావలెనన్నది మాత్రం నిజం.

ఎర్రమంజిల్

పంజాగుట్ట, ఖైరతాబాదుల మధ్య గుట్టపైనున్న ఈ మహలును నిజాం ప్రభుత్వంలో మంత్రిగా పనిచేసిన నవాబు ఫఖ్రుల్ ముల్క్ 19వ శతాబ్దపు చివరి దశాబ్దాలలో కట్టించినాడు. ఐరోపా బరోక్ శైలి, సున్నపు నగిషీలు, నూరుకు పైగా గదులు కల భవనమిది. అసలు పేరు ఇరమ్ మంజిల్. ఇరమ్ అనగా స్వర్గతుల్యమైన తోట. గుట్ట మట్టి ఎరుపు కావడంతో జనం నోట అది ఎర్రమంజిల్ అయినది. మెట్రో స్టేషను పేరు కూడా అదే. స్వాతంత్ర్యానంతరం ప్రభుత్వ అధీనంలోనికి వచ్చి మొదట దస్త్రాలు దాచుటకు, తరువాత ఇంజనీరింగు శాఖల కార్యాలయాలకు వాడబడినది.

ఈ భవనం 13వ నిబంధన జాబితాలో ఉండెను. 2015 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం ఆ నిబంధనను తొలగించినది. 2017లో కొత్త వారసత్వ చట్టం వచ్చినది. 2019 జూన్ 18న మంత్రివర్గం ఎర్రమంజిల్ వద్ద కొత్త శాసనసభా భవనం కట్టుటకు నిర్ణయించగా, జూన్ 27న ముఖ్యమంత్రి కె.చంద్రశేఖరరావు శంకుస్థాపన చేసినారు. పాత మహలును కూల్చుట ఆ ప్రణాళికలో భాగం. నవాబు వారసులు, వారసత్వ ప్రేమికులు హైకోర్టును ఆశ్రయించినారు. నిబంధన తొలగింపుతో భవనానికి రక్షణ పోయినదని ప్రభుత్వ వాదన. ప్రధాన న్యాయమూర్తి రాఘవేంద్ర సింగ్ చౌహాన్, న్యాయమూర్తి షమీమ్ అఖ్తర్‌ల ధర్మాసనం దీనిని అంగీకరించక, 2019 సెప్టెంబరు 16న మంత్రివర్గ నిర్ణయాన్ని కొట్టివేసినది. చట్టపరమైన అంశాలను పరిగణించకుండా తీసుకొన్న నిర్ణయమని అభిప్రాయపడినది. శాసనసభా భవనం అక్కడ కట్టబడలేదు.

ఇక్కడ గమనించవలసిన తేడా ఒకటి కలదు. కూల్చివేత వార్త అయినందున వ్యాజ్యం వచ్చినది. కిటికీలు ఒక్కొక్కటిగా మారుట వార్త కాదు, దానిపై ఎవరూ న్యాయస్థానానికి వెళ్ళరు. ప్రతి చిన్న దరఖాస్తును చూసే సంఘం అవసరమైనది అందుకే.

అమీర్‌పేట

అమీర్‌పేట కూడలి చారిత్రక ప్రాంతంగా ప్రకటించబడినది కాదు. 1990ల చివరి నుండి కంప్యూటరు శిక్షణ సంస్థలకు ఇది నిలయమైనది. మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్‌ల వద్ద ప్రతి అంతస్తు మీద, మెట్ల ప్రక్కన, కిటికీలకు అడ్డంగా కోర్సుల పేర్లు కనిపించును. పల్లెల నుండి ఉద్యోగం కొరకు వచ్చిన యువకునికి ఆ బోర్డులే దారిచూపేవి అన్నది కూడా నిజమే. విచిత్రమేమనగా మైత్రీవనం, ఎదుటి స్వర్ణజయంతి సముదాయం రెండూ హుడా కట్టించినవే. ఆ సంస్థ కార్యాలయం ఒకప్పుడు బేగంపేటలో, సర్ వికారుల్ ఉమ్రా కట్టించిన పైగా ప్యాలెస్‌లో ఉండేది. ఆ ప్యాలెస్ 2008 నుండి 2023 వరకు అమెరికా కాన్సులేటుగా ఉన్నది. హుడా స్థానంలో 2008లో వచ్చిన హెచ్.ఎం.డి.ఎ. తరువాత స్వర్ణజయంతి సముదాయంలోనికి చేరినది.

చారిత్రక ప్రాంతం కానిచోట బోర్డులకు వారసత్వ పరిశీలన లేదు, నగరపాలక సంస్థ ప్రకటనల నియమాలే వర్తించును. 2020 ఏప్రిల్‌లో వచ్చిన 68వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం నేల నుండి 15 అడుగులకు పైన ప్రకటన ఫలకాలు కూడవు, మినుకుమినుకుమనే దీపాలు, కదిలే వెలుగులు నిషిద్ధం. ఈ ఉత్తర్వు కొలిచేది ఎత్తును, వెలుగును. బోర్డు వెనుక కిటికీ ఉన్నదా, ఆ కిటికీ పాతదా అన్నది దాని విషయం కాదు.