దొరసానుల బిరుదులు, మన రాణుల పట్టములు

విశాఖపట్టణమున పాతనగరపు వీథుల నెఱిగినవారికి "రాణిబొమ్మ", అనగా విక్టోరియా రాణి విగ్రహము, పరిచితమే. ఆ ప్రాంతముననే క్వీన్ మేరీ పేరిట బాలికల ఉన్నత పాఠశాలయు గలదు. మన వాడుకలో విక్టోరియాయు, మేరీయు నిద్దఱును రాణులే. అయినను వారిలో నొకతె జన్మహక్కుచే సింహాసనము నధిష్ఠించి, 1837 మొదలు 1901 వఱకు స్వయముగా రాజ్యమేలిన ప్రభ్వి. రెండవ యామె, మన పెద్దాసుపత్రికి పేరిచ్చిన జార్జి చక్రవర్తిని వివాహమాడుట చేత రాణి యైన యిల్లాలు.

బ్రిటిషు బిరుదుల మర్మమంతయు నీ భేదమునందే యున్నది. రాజు భార్య, వేఱొక యుత్తరువుతో బనిలేకయే, రాణి యగును. ఏలుచున్న రాణిని పెండ్లాడినవాడు మాత్రము రాజు కాడు. విక్టోరియా భర్త ఆల్బర్టునకు "ప్రిన్స్ కన్సార్ట్" అను బిరుదమైనను, 1840లో వివాహమైన పదునేడేండ్లకు, 1857లో గాని లభింపలేదు. ఎలిజబెత్ రాణి భర్త ఫిలిప్ 1947లో ఎడింబరో డ్యూకు, 1957లో ప్రిన్స్ అయ్యెనే కాని రాజనిపించుకొనలేదు. వారి లెక్కలో రాజపదము రాణిపదమున కెక్కుడు గనుక, భర్తను రాజనినచో ఏలికకంటె నాతడే పైవాడన్న యర్థము స్ఫురించునని సంకోచము. రాజు భార్య సంగతి వేఱు. కెమిల్లా 2005లో నాటి యువరాజు చార్లెస్‌ను పెండ్లాడినది మొదలు వేల్స్ ప్రిన్సెస్ అనిపించుకొను హక్కు గలిగియు, దానిని వాడక కార్న్‌వాల్ డచెస్‌గా వ్యవహరింపబడి, 2022లో భర్త రాజగుటతోడనే రాణి యయ్యెను.

ప్రభువర్గమునందును ఇదే వరుస. డ్యూకు భార్య డచెస్. ఆమెను "యువర్ గ్రేస్" అని సంబోధింతురు. మార్క్వెస్, ఎర్ల్, వైకౌంట్, బారన్ అను తక్కిన నాలుగు తరగతుల వారి భార్యలకు పత్రములందు వేర్వేఱు పేరులున్నను, ముఖాముఖి మాటలలో నందఱును "లేడీ"లే. "సర్" బిరుదము పొందిన నైటు భార్యయు లేడీయే. ఆమె విషయమున నా మాటకు పిమ్మట భర్త యింటిపేరు రావలెను. సొంతపేరు వచ్చినచో నామె డ్యూకు, మార్క్వెస్, ఎర్ల్ అను పై మూడు తరగతులలో నొకరి కూతురని తెలియవలెను. డయానా ఎర్ల్ కూతురగుట చేతనే పెండ్లికి మున్ను "లేడీ డయానా" అయ్యెను. లోకమంతయు నామెను "ప్రిన్సెస్ డయానా" యని ప్రేమతో బిలిచినను, దర్బారు మర్యాద ప్రకార మా పిలుపు చెల్లదు. వివాహముచే వచ్చినది "వేల్స్ ప్రిన్సెస్" అను పదవియే.

ఈ నియమము తెలుగువారి పేళ్లపై బడినప్పుడు తలక్రిందులయ్యెను. 1931లో వాల్తేరున ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు వైస్ ఛాన్సలరుగా వచ్చిన సర్వేపల్లి రాధాకృష్ణనుగారికి ఆ సంవత్సరమే నైటు బిరుదము లభించినది. "సర్" అనునది సొంతపేరునకు ముందును, "లేడీ" అనునది యింటిపేరునకు ముందును నిలువవలెనని ఇంగ్లీషువారి పద్ధతి. మన యింటిపేరు ముందుండును గనుక "సర్" పోయి సర్వేపల్లి నంటెను. ధర్మపత్ని శివకామమ్మగారో, భర్త సొంతపేరు ధరించి "లేడీ రాధాకృష్ణన్" అయిరి. ఆ పరిషత్తునకే ప్రథమ వైస్ ఛాన్సలరైన కట్టమంచి రామలింగారెడ్డిగారును తరువాత సర్ బిరుదము నందిరి గాని, వారు ఆజన్మబ్రహ్మచారులు గనుక ఆ యింట లేడీ లేదు.

మన జమీందారీలలోను స్త్రీ బిరుదము భర్తను బట్టియే. విజయనగరపు ఆడపడుచు అప్పలకొండయాంబగారు రీవా మహారాజును వివాహమాడి, తిరిగి పుట్టినింటనే నివసించుచున్నను "రీవా రాణి"గానే ప్రసిద్ధులైరి. గురజాడ అప్పారావుగారు వారి కార్యదర్శిగా బనిచేసిరి. సంస్థానముల పెద్దరాణికి "పట్టమహాదేవి" యను గౌరవముండెడిది. సామాన్య గృహములందు ఉత్తరముల పైభాగమున పురుషులకు "మ.రా.రా.శ్రీ", ముత్తైదువలకు "చి.ల.సౌ.", భర్తను గోల్పోయినవారికి "గం.భా.స." అని వ్రాయుచుండిరి. ఇంగ్లీషు ప్రభువు గతించిన పిమ్మట వితంతువును "డవేజర్" అనుట, కోడలికి వచ్చిన అదే బిరుదమునుండి యామెను వేఱుచేయుటకు. మన "గంగాభాగీరథీ సమానురాలు" మాత్రము పవిత్రమైన మాటయే యైనను, ఒక స్త్రీ దుఃఖమును టపా బంట్రోతు మొదలు అందఱకును చాటుచుండెను. అది వాడుక తప్పుట మిక్కిలి మేలైనది.

భార్య వలన భర్తకు ఘనత సంక్రమించుట ఇంగ్లీషు పద్ధతిలో లేదు. "సర్"కు సమానమైన డేమ్ బిరుదము నందిన స్త్రీ భర్తకు ఏమియు రాదు. విశాఖలో మాత్రము వేఱొక రీతి దృష్టాంతము గలదు. గోడే వెంకట జగ్గారావుగారు స్థాపించిన ఖగోళ వేధశాల, వారి యనంతరము, కూతురు అచ్చయ్యమ్మగారి భర్తయైన అంకితం వెంకట నరసింగరావుగారి కధీనమైనది. డిప్యూటీ కలెక్టరు ఉద్యోగమును వదలి ఆయన దానిని నడపి ఖ్యాతి గాంచెను. ఆ ఖ్యాతికి ద్వారము భార్య పుట్టినిల్లే.

తుదకు మన దేశమున నీ బిరుదములకు కాలము చెల్లినది. విజయనగరపు మహారాజకుమారుడు విజయానంద గజపతిరాజుగారు, 1936లో భారత క్రికెట్టు జట్టునకు నాయకుడై ఇంగ్లండున నున్నప్పుడు వచ్చిన సర్ బిరుదమును 1947లో త్యజించిరి. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగపు 18వ అధికరణము, సైనిక, విద్యా గౌరవములు దక్క, ప్రభుత్వము బిరుదము లొసగరాదని నిషేధించినది. 1956లో శివకామమ్మగారు గతించునాటికి వారి భర్త ఉపరాష్ట్రపతి. ఆ పదవి వలన భార్యకు సంక్రమించు బిరుదమేదియు లేదు, "శ్రీమతి" తప్ప.