హోటల్ గదికి ఆన్‌లైన్ బుకింగ్ – తెర వెనుక లెక్క

రైలు టికెట్, సినిమా టికెట్, హోటల్ గది – నేడు అన్నీ కూర్చున్న చోటనే బుక్ చేసుకుంటున్నాము. తెర మీద మనకు కనిపించేవి రెండు తేదీలు, ఒక బటన్. దాని వెనుక ఎంత ఆలోచన ఉండాలో కంప్యూటర్ కోర్సుల్లో చేరబోయే మన హాస్టల్ తమ్ముళ్ళు, చెల్లెళ్ళు తెలుసుకుంటే మంచిది.

ఈ విద్య కొత్తది కాదు. 1960 దశకంలో అమెరికాలో విమాన సీట్ల కోసం ఐ.బి.ఎం. సంస్థ 'సేబర్' అనే ఏర్పాటు చేసింది. 1965లో హాలిడే ఇన్ హోటళ్ళు తమ గదులకు 'హాలిడెక్స్' తెచ్చుకున్నాయి. మన దేశంలో 2002లో ఐ.ఆర్.సి.టి.సి. ద్వారా రైలు టికెట్లు ఇంటర్నెట్‌లోకి వచ్చాయి.

ఇప్పుడు ముప్పై గదుల హోటల్ ఒకటి మన చేతికి వచ్చిందనుకుందాం. మొదట తేల్చుకోవలసింది, అమ్మే సరుకు ఏమిటని. ఒక గదిలో ఒక రాత్రి – అదే సరుకు. ముప్పై రోజుల నెలకు 900 రాత్రులు. ఖాళీ సీటుతో బస్సు వెళ్ళిపోతే ఆ సీటు డబ్బు ఎలా తిరిగి రాదో, అమ్ముడుపోని రాత్రి కూడా అంతే.

10వ తేదీన వచ్చి 12న వెళ్ళే వ్యక్తి వాడుకునేది 10, 11 రాత్రులే. 12వ తేదీ రాత్రి మరొకరికి ఇవ్వవచ్చు. ప్రోగ్రాం రాసేవాడు 12ను కూడా కలిపేశాడంటే ప్రతి బుకింగ్‌కూ ఒక రాత్రి నష్టం. పైగా మన ఊళ్ళలో చాలా లాడ్జీలది ఇరవై నాలుగు గంటల లెక్క. సాయంత్రం 6కి దిగినవారు మరునాడు సాయంత్రం 6కి ఖాళీ చేస్తారు. అక్కడ తేదీ ఒక్కటే చాలదు, గంట కూడా రాసుకోవాలి. స్టార్ హోటల్ కోసం తయారైన సాఫ్ట్‌వేర్‌ను తెచ్చి లాడ్జికి తగిలిస్తే ఇబ్బంది ఇక్కడే మొదలవుతుంది.

అసలు చిక్కు చివరి గది దగ్గర వస్తుంది. ఒకటే గది మిగిలింది. ఒకే క్షణంలో కర్నూలులో ఒకరు, కరీంనగర్‌లో ఒకరు బటన్ నొక్కారు. ఇద్దరికీ 'ఒకటి ఉంది' అనే కనిపిస్తుంది. ఇద్దరికీ ఇచ్చేస్తే? పరీక్ష రాయడానికి వచ్చిన ఒక అమ్మాయి, తోడుగా వాళ్ళ నాన్న, రాత్రి 11 గంటలకు బస్సు దిగి వస్తారు. చేతిలో బుకింగ్ కాగితం ఉంటుంది, గది ఉండదు. ఆ రాత్రి బస్టాండు బెంచీయే గతి. తెల్లవారి పరీక్ష ఎలా రాస్తుంది? అందుకే 'ఉందా' అని చూడటం, 'ఒకటి తగ్గించు' అనటం విడదీయరాని ఒకే పనిగా జరగాలి. ఆ పని పూర్తయ్యే వరకు రెండవవారు ఆగాలి. డేటాబేస్ పాఠంలో వచ్చే 'ట్రాన్సాక్షన్' అంటే ఇదే.

డబ్బు కట్టడానికి కొంత సమయం పడుతుంది కాబట్టి ఆ గదిని పది నిమిషాలు పక్కన పెట్టి, కట్టకపోతే తిరిగి వదిలేయాలి. మధ్యలో నెట్ పోతుంది. ఖాతాలో డబ్బు తెగుతుంది, గది రాదు. కంగారులో మళ్ళీ నొక్కుతాము. అందుకని డబ్బు అడగక ముందే బుకింగ్‌కు ఒక నంబరు ఇస్తే, ఆ నంబరు మీద రెండవసారి డబ్బు తీసుకోకుండా ఆపవచ్చు. తీసుకున్నది ఏమైందో బ్యాంకును అడిగి తేల్చవచ్చు.

నెట్ లేనివారి మాట కూడా చూడాలి. తిరుమలలో కొన్ని గదులు ముందుగా ఆన్‌లైన్‌లో ఇస్తారు. నేరుగా వచ్చినవారికి సి.ఆర్.ఓ. కార్యాలయం వద్ద ఇస్తారు. చిన్న హోటల్ కూడా ఇలా వాటాలు వేసుకోవచ్చు. అయితే ఆన్‌లైన్ వాటా మిగిలిపోతే సాయంత్రానికి కౌంటర్‌కు మళ్ళించే ఏర్పాటు ఉండాలి. కౌంటర్ గుమాస్తా పుస్తకంలో ఒక లెక్క, కంప్యూటర్‌లో ఒక లెక్క ఉండకూడదు.

ప్రారంభించే ముందు మన హాస్టల్‌లో పదిమందిని కూర్చోబెట్టి, ఒకే గదికి ఒకేసారి నొక్కించి చూడాలి. ఒక్కరికి గది, తొమ్మిదిమందికి 'గది లేదు' అని రావాలి. అలా రాకపోతే ప్రారంభోత్సవం వాయిదా వేసుకోవలసిందే.