ఒకే ధర, రెండు సెన్సర్లు: క్యానన్ ఆర్7 తీసుకోవాలా, ఆర్8 తీసుకోవాలా?

ఈ ఎపిసోడ్‌లో రెండు మిర్రర్‌లెస్ కెమెరాల గురించి మాట్లాడుకుందాం: క్యానన్ ఈవోఎస్ ఆర్7, ఈవోఎస్ ఆర్8. ఈ రెండే ఎందుకంటే, సెన్సర్ సైజు సంగతి అర్థం కావడానికి ఇంతకన్నా మంచి జోడీ దొరకదు. కంపెనీ ఒకటే, లెన్స్ మౌంట్ ఒకటే. ఆర్7 2022 మే నెలలో వచ్చింది, ఆర్8 2023 ఫిబ్రవరిలో. అమెరికాలో రెండింటి లాంచ్ ధర కూడా ఒకటే, బాడీ వరకు 1,499 డాలర్లు. మన దగ్గర ఆఫర్లను బట్టి రేట్లు మారుతుంటాయి, అది కొనే రోజు చూసుకోండి. అసలు తేడా లోపల ఉంది. ఆర్7లో ఉన్నది ఏపీఎస్-సీ సెన్సర్, ఆర్8లో ఉన్నది ఫుల్ ఫ్రేమ్.

నాకు ఎక్కువగా వచ్చే మెసేజ్ ఏంటో తెలుసా? "అన్నా, ఊళ్లో పెళ్లిళ్లు తీయడం మొదలుపెడదామనుకుంటున్నా. ఫుల్ ఫ్రేమ్ ఉంటేనే ప్రొఫెషనల్ అంటున్నారు. ఈఎంఐ పెట్టి తీసేసుకోనా?" నెలనెలా జేబులోంచి పోయే డబ్బు ఇది. అందుకే ప్రశ్నను కొంచెం మారుద్దాం. ఒకే ధరకి పెద్ద సెన్సర్ ఇచ్చారంటే, ఇంకెక్కడో కోత పెట్టే ఉంటారు. ఆ కోత మీ పనికి తగులుతుందా, తగలదా? మనం చూడాల్సింది అదొక్కటే.

సెన్సర్ పెద్దదైతే ఏమొస్తుంది?

ముందు లెక్క చూద్దాం. ఆర్8 సెన్సర్ సుమారు 36 ఎంఎం వెడల్పు, 24 ఎంఎం ఎత్తు. ఆర్7 సెన్సర్ 22.3 ఎంఎం వెడల్పు, 14.8 ఎంఎం ఎత్తు. గుణించి చూడండి. ఒకటి 864 చదరపు ఎంఎం, ఇంకోటి 330. అంటే విస్తీర్ణంలో దాదాపు 2.6 రెట్ల తేడా.

ఇప్పుడు డాబా మీద వాన పడుతోందనుకోండి. ఒక పెద్ద పళ్లెం, ఒక చిన్న పళ్లెం పక్కపక్కన పెట్టాం. కాసేపయ్యాక రెండింట్లో నీళ్ల ఎత్తు ఒకటే ఉంటుంది. ఎక్స్‌పోజర్ అంటే ఆ ఎత్తు అన్నమాట. అందుకే రెండు కెమెరాల్లో ఒకే అపర్చర్, ఒకే షట్టర్ స్పీడ్, ఒకే ఐఎస్‌ఓ పెడితే ఫొటో వెలుగు ఒకేలా వస్తుంది. కానీ రెండు పళ్లేల్లోని నీళ్లూ ఒంపి కొలిస్తే, పెద్ద పళ్లెంలో 2.6 రెట్లు ఎక్కువ ఉంటాయి.

ఆ ఎక్కువ వెలుగు వల్ల లాభం ఏంటి? నాయిజ్ తగ్గుతుంది. వెలుగు అనేది ఫోటాన్లుగా, చినుకుల్లాగే అటూ ఇటూగా పడుతుంది. సగటున 100 ఫోటాన్లు పడాల్సిన చోట ఒకసారి 90, ఒకసారి 110 పడుతుంటాయి. అంటే 10 శాతం ఊగిసలాట. అదే 10,000 పడితే ఊగిసలాట 100 మాత్రమే, అంటే 1 శాతం. ఈ ఊగిసలాటే మనకి చీకటి ఫొటోల్లో గ్రెయిన్‌లా కనిపిస్తుంది. వెలుగు పెరిగితే నాయిజ్ దాని వర్గమూలం లెక్కన తగ్గుతుంది. 2.6కి వర్గమూలం 1.6. అందరూ చెప్పే 1.6 క్రాప్ ఫ్యాక్టర్ కూడా ఈ అంకే. లెక్క ప్రకారం ఆర్7లో ఐఎస్‌ఓ 2500 దగ్గర కనిపించే గ్రెయిన్, ఆర్8లో 6400 దగ్గర కనిపిస్తుంది. అంటే సుమారు ఒకటిన్నర స్టాప్ లాభం. తేడా నిజమే, కానీ ఆకాశమంత ఏమీ కాదు. పట్టపగలు తీసిన ఫొటోని ఫోన్ స్క్రీన్ మీద చూస్తే ఏది ఏ కెమెరాదో చెప్పడం చాలా కష్టం.

కిట్ లెన్స్ దగ్గర కథ మారుతుంది

ఇది చాలామంది గమనించరు. పైన చెప్పిన లాభం రెండింటికీ ఒకే అపర్చర్ లెన్స్ ఉన్నప్పుడే. ఆర్8తో వచ్చే కిట్ లెన్స్ 24-50 ఎంఎం, ఎఫ్ 4.5 నుంచి 6.3. ఆర్7తో వచ్చేది 18-150 ఎంఎం, ఎఫ్ 3.5 నుంచి 6.3. ఆర్7 లెన్స్‌ని ఫుల్ ఫ్రేమ్ లెక్కలోకి మార్చాలంటే రెండు అంకెల్నీ 1.6తో గుణించాలి. 18 ఎంఎం ఎఫ్ 3.5 కాస్తా దాదాపు 29 ఎంఎం ఎఫ్ 5.6 అవుతుంది. ఆర్8 వైపు చూస్తే మొదలే ఎఫ్ 4.5. ఎఫ్ 4.5కి, ఎఫ్ 5.6కి మధ్య తేడా ఎంత? ఒక స్టాప్‌లో మూడింట రెండు వంతులు. ఫుల్ ఫ్రేమ్ అని తీసుకుని కిట్ లెన్స్‌తోనే ఉండిపోతే, మీకు దక్కేది సగం లాభమే. పైగా జూమ్ 50 ఎంఎం దగ్గరే ఆగిపోతుంది. పెద్ద సెన్సర్ పూర్తిగా పనిచేయాలంటే మంచి లెన్స్‌కి కూడా డబ్బు తీసిపెట్టుకోవాలి.

బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ కూడా ఇదే లెక్క. ఆర్7లో 50 ఎంఎం ఎఫ్ 1.8 పెడితే, ఫుల్ ఫ్రేమ్‌లో 80 ఎంఎం ఎఫ్ 2.9 పెట్టినట్టు కనిపిస్తుంది. పోర్ట్రెయిట్‌కి అది చక్కగా సరిపోతుంది. ఇంకా ఎక్కువ బ్లర్ కావాలంటేనే ఆర్8.

పక్షులకి చిన్న సెన్సరే

ఉప్పలపాడో, నేలపట్టో, కొల్లేరో వెళ్లి పక్షుల్ని తీసేవాళ్లు ఇక్కడ జాగ్రత్తగా వినండి. ఆర్7లో 32.5 మెగాపిక్సెళ్లు, ఆర్8లో 24.2. ఒకే 100-400 లెన్స్ రెండింటికీ పెట్టాం. దూరంగా చెట్టు మీద ఒక కొంగ ఉంది. ఆర్7లో అది 640 ఎంఎం లెన్స్‌తో చూసినంత దగ్గరగా కనిపిస్తుంది. ఆర్8లో అదే ఫ్రేమ్ కావాలంటే క్రాప్ చేయాలి. క్రాప్ చేశాక మిగిలేది సుమారు 9 మెగాపిక్సెళ్లు. ఇక్కడ 32, అక్కడ 9. ఈకల వివరాలు ఎందులో బాగా వస్తాయో వేరే చెప్పక్కర్లేదు. ఎండ బాగా ఉన్నప్పుడు నాయిజ్ ఎలాగూ సమస్య కాదు.

ఒక్క జాగ్రత్త. ఆర్7 ఎలక్ట్రానిక్ షట్టర్‌లో సెకనుకి 30 ఫ్రేములు తీస్తుంది గానీ, సెన్సర్‌ని చదవడం నెమ్మది. ఎగిరే పక్షి రెక్కలు వంగినట్టు రావచ్చు. మెకానికల్ షట్టర్ పెట్టుకోండి, సెకనుకి 15 ఫ్రేములు వస్తాయి. చాలు. ఆర్8లో ఎలక్ట్రానిక్ షట్టర్‌తో 40 వస్తాయి, కానీ అది వద్దనుకుంటే 6కి పడిపోతుంది.

చేతి వణుకు సంగతి

ఆర్7 బాడీలోనే స్టెబిలైజేషన్ ఉంది. ఆర్8లో లేదు, లెన్స్‌లో ఉంటేనే. ఇందాక చెప్పిన 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్‌లో అది లేదు. రాత్రిపూట దీపాలు పెట్టిన గాలిగోపురం తీస్తున్నారనుకోండి. గోపురం కదలదు, కదిలేది మన చెయ్యే. ఆర్7లో షట్టర్ స్పీడ్ బాగా తగ్గించి కూడా నిలకడగా తీయొచ్చు, ఐఎస్‌ఓ కిందే ఉంటుంది. అక్కడ చిన్న సెన్సర్ కెమెరాకే క్లీన్ ఫొటో రావచ్చు. అదే సంగీత్‌లో డాన్స్ చేసే పిల్లల్ని తీస్తే స్టెబిలైజేషన్ పనికిరాదు. కదిలేది వాళ్లు కదా. అక్కడ ఆర్8 గెలుస్తుంది.

ఇక పెళ్లి

ఆర్8లో ఒకే మెమరీ కార్డు పడుతుంది. ఆర్7లో రెండు పడతాయి. స్పెసిఫికేషన్ల పట్టికలో ఇదొక చిన్న లైను. పెళ్లిలో మాత్రం ఇదే పెద్ద లైను. జీలకర్ర బెల్లం పెట్టేది ఒక్కసారే. తలంబ్రాలు అయిపోయాక "కార్డు కరప్ట్ అయింది, మళ్లీ పోయండి" అనలేం కదా. రెండు కార్డుల్లోనూ ఒకేసారి రికార్డు అయితే, ఒకటి పోయినా ఇంకోటి ఉంటుంది. గ్రెయిన్ ఉన్న ఫొటో ఇస్తే ఎవరో ఒకరు సర్దుకుంటారు. ఫొటోనే లేకపోతే మీ పేరు ఆ ఊళ్లో ఎప్పటికీ కోలుకోదు.

బ్యాటరీ కూడా చూడండి. సీపా ప్రమాణం ప్రకారం, స్క్రీన్ వాడితే ఆర్7 ఒక్క చార్జింగ్‌కి 660 ఫొటోలు, ఆర్8 290. నిజంగా వాడేటప్పుడు ఇంతకన్నా ఎక్కువే వస్తాయి, కానీ నిష్పత్తి అదే. ఆర్8తో పెళ్లికి వెళ్తే జేబులో కనీసం మూడు బ్యాటరీలు ఉండాలి. ఇంకో మాట: స్టేజి మీద ఎల్‌ఈడీ లైట్లు ఉంటే ఏ కెమెరాలోనైనా ఎలక్ట్రానిక్ షట్టర్ వాడకండి, ఫొటో మీద అడ్డచారలు పడొచ్చు.

మరి తెల్లవారుజాము ముహూర్తానికి వెలుగు తక్కువ కదా అంటారా? ఫొటోలకి ఎలాగూ ఫ్లాష్ వాడతారు. ఫ్లాష్ వెలిగాక సెన్సర్ తేడా చాలావరకు తగ్గిపోతుంది.

వీడియో

ఇక్కడ ఆర్8 ముందుంది. సెన్సర్ పూర్తి వెడల్పు వాడుకుని, 6కే నుంచి కుదించి 4కే 60 ఫ్రేములు ఇస్తుంది, షార్ప్‌గా ఉంటుంది. ఆర్7లో 4కే 30 వరకు 7కే నుంచి కుదించి ఇస్తుంది, అదీ బాగుంటుంది. కానీ 60 ఫ్రేములకి వెళ్తే పూర్తి వెడల్పులో షార్ప్‌నెస్ తగ్గుతుంది. ఇంకో విచిత్రం, పెద్ద సెన్సర్ ఉన్న ఆర్8 బ్యాటరీ, కార్డుతో కలిపి 461 గ్రాములు, ఆర్7 612 గ్రాములు. గింబల్ మీద పెట్టుకుని తిరిగేవాళ్లకి చేతులు నొప్పి తక్కువ. ఆ బరువు ఎక్కడ తగ్గిందో ఇప్పుడు మీకు తెలుసు: చిన్న బ్యాటరీ, ఒకే కార్డు, స్టెబిలైజేషన్ లేకపోవడం.

ఫైనల్‌గా

రీల్స్, షార్ట్ ఫిల్ములు, తక్కువ వెలుగులో మనుషులు, మళ్లీ తీసే అవకాశం ఉన్న పని అయితే ఆర్8 తీసుకోండి. ఎఫ్ 1.8 లెన్స్ ఒకటి బడ్జెట్‌లో కలుపుకోండి. పక్షులు, స్పోర్ట్స్ అయితే ఆర్7. ఒంటరిగా పెళ్లి ఒప్పుకునేవాళ్లకి కూడా నేను ఆర్7 అనే చెబుతాను, ఒక 35 ఎంఎం ఎఫ్ 1.8, ఒక ఫ్లాష్‌తో. మీ పక్కన ఇంకో కెమెరామన్ కూడా అవే ఘట్టాలు తీస్తుంటే, అప్పుడు ఆర్8తో ధైర్యంగా వెళ్లొచ్చు.

ఈఎంఐ కాగితం మీద సంతకం పెట్టే ముందు ఒక చిన్న పని చేయండి. రాబోయే ఆరు నెలల్లో మీరు నిజంగా తీయబోయే పనులు ఒక పేపర్ మీద రాయండి. వాటిలో మళ్లీ తీయలేనివి ఎన్నో లెక్కపెట్టండి. ఏ కెమెరా కావాలో ఆ పేపరే చెబుతుంది. మీ లిస్టులో ఏముందో కింద రాయండి, చదువుతాను.