ఎండలో పరుగు, గడియారంతో పందెం

వేసవి సాయంకాలాలలో వార్తలు వినే అలవాటున్న శ్రోతలకు రెంటచింతల పేరు కొత్తది కాదు. అత్యధిక ఉష్ణోగ్రత ఎక్కడ నమోదయినదో చెప్పే వాక్యంలో ఆ ఊరి పేరు ఎన్నో ఏళ్ళుగా వినబడుతూ వచ్చింది. ఆ ఊరు కృష్ణానదికి దక్షిణాన, పల్నాటిసీమలో ఉన్నది. నదికి ఉత్తరాన, హాలియా నుండి నాగార్జునసాగరానికి పోయే దారిలో పెద్దవూర ఉన్నది. నది ఈనాడు రెండు రాష్ట్రాలకు సరిహద్దు అయినది గాని, ఎండకు సరిహద్దు కాలేదు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయన్న సామెతను ఈ ప్రాంతంవారికి ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

ఇటువంటి ఊళ్ళలో తెల్లవారుజామున రోడ్డు వెంబడి పరుగెత్తే యువతీ యువకులను మనం చూస్తూనే ఉంటాము. వారిలో అధికసంఖ్యాకులు ఒలింపిక్ పతకంకోసం పరుగెత్తడం లేదు. పోలీసు ఉద్యోగంకోసం పరుగెత్తుతున్నారు. 2022లో వెలువడిన తెలంగాణ పోలీసు నియామకాల ప్రకటన ప్రకారం పురుషులు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలోను, స్త్రీలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలోను పూర్తిచేయవలసి ఉండినది. ఒక్క సెకను ఆలస్యమైనా ఆ అభ్యర్థి తరువాతి పరీక్షకు అర్హుడు కాడు. గడియారం ముల్లుమీద ఒక కుటుంబపు ఆశ అంతా ఆధారపడి ఉంటుంది. అందుచేత, ఎండకు, పరుగుకు, కాలపరిమితికి గల సంబంధమేమిటో తెలుసుకొనడం క్రీడాకారులకే కాక మన ఇళ్ళకు కూడా అవసరమైన విషయమని మేము భావిస్తున్నాము.

ముందుగా ఈ పరుగు స్వభావాన్ని గ్రహించవలసి ఉన్నది. 800 మీటర్లు, 1500 మీటర్ల పందేలను మధ్యదూరపు పరుగులంటారు. నాలుగు వందల మీటర్ల బాటమీద మొదటిది రెండు చుట్లు, రెండవది మూడు ముప్పాతిక చుట్లు. నూరు మీటర్లు పరుగెత్తేవాడు దాదాపు ఊపిరితో పనిలేకుండానే పందెం ముగించగలడు. మారథాన్ పరుగెత్తేవాడు ఊపిరిని ఆధారం చేసుకొని గంటలతరబడి సాగిపోతాడు. మధ్యదూరపు పరుగరికి ఈ రెండు శక్తులూ కావాలి. 800 మీటర్లలో కావలసిన శక్తిలో మూడింట రెండు వంతులకు కొంచెం తక్కువ, 1500 మీటర్లలో సుమారు నాలుగైదవ వంతులు, పీల్చుకొన్న ప్రాణవాయువు ద్వారానే లభిస్తుంది. మిగిలినది కండరాలలోని నిలువ. ఆ నిలువ తరిగేకొద్దీ కాళ్ళు బరువెక్కుతాయి. చివరి రెండువందల మీటర్లు కొండలా కనబడడానికి ఇదే కారణం.

కండరాలు ఇంధనాన్ని ఖర్చు చేసినప్పుడు అందులో నాలుగవ వంతు మాత్రమే కదలికగా మారుతుంది. తక్కిన మూడు వంతులు వేడిగా మారుతుంది. ఆ వేడిని రక్తం చర్మం దాకా మోసుకొనిపోయి బయటికి వదలాలి. అదే సమయంలో అదే రక్తం కండరాలకు ప్రాణవాయువును కూడా అందించాలి. ఒకే కాలువ నీటికోసం ఎగువ పొలమూ దిగువ పొలమూ పోటీపడినట్లు, ఎండవేళ రక్తంకోసం చర్మమూ కండరమూ పోటీపడతాయి. చెమటపోసి రక్తంలోని నీరు తగ్గితే ఆ పోటీ మరింత తీవ్రమవుతుంది. గుండె అదే వేగానికి ఎక్కువసార్లు కొట్టుకొనవలసి వస్తుంది.

చెమట చేసే పనిని మన ఇంటి మట్టికుండే వివరిస్తుంది. కుండ గోడలగుండా ఊరిన నీరు ఆవిరియై పోతూ లోపలి నీటి వేడిని వెంట తీసుకొనిపోతుంది. వడగాలి వీచే రోజున కుండలో నీళ్ళు చల్లగా ఉంటాయి. ముసురుపట్టిన రోజున అంత చల్లబడవు. అప్పటికే తేమతో నిండిన గాలి మరికొంత ఆవిరిని సులభంగా తీసుకొనదు. మన చర్మమూ అంతే. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరియైతే సుమారు 580 కిలోకేలరీల వేడి శరీరంనుండి పోతుంది. ఆవిరి కాక నేలమీదికి కారిపోయిన చెమటవల్ల ఆ మేలు లేదు. అందుచేత ఎండమాపకంలో అంకె ఒక్కటే చూసి పరుగు కష్టాన్ని నిర్ణయించరాదు. పెద్దవూర పొడి వేడి, తీరాంధ్రపు ఉక్కపోత, రెండూ శరీరాన్ని బాధిస్తాయి గాని, బాధించే తీరులు వేరు.

అయితే ఒక సందేహం కలుగవచ్చు. నాలుగైదు నిమిషాల పరుగులో శరీరం అంతగా వేడెక్కుతుందా? మారథాన్‌తో పోల్చినప్పుడు వేడెక్కదనే చెప్పాలి. 2019లో దోహానగరంలో జరిగిన ప్రపంచ పోటీలలో స్త్రీల మారథాన్‌ను ఎండకు భయపడి అర్ధరాత్రి వేళ నడిపారు. అయినా బయలుదేరిన 68 మందిలో 28 మంది మధ్యలోనే ఆగిపోయారు. మధ్యదూరపు పరుగులో ఆ ప్రమాదం తక్కువ. నిజానికి వేడిగాలి కొంత పలుచగా ఉంటుంది గనుక కొద్ది సెకన్ల పరుగులకు అది అనుకూలమే. మధ్యదూరపు పరుగరిని ఎండ దెబ్బతీసేది ఆ నాలుగు నిమిషాలలో కాదు, వాటికి వెనుక. ఒళ్ళు వేడెక్కించుకొనే అరగంట వ్యాయామం, నీడలేని మైదానంలో తన వంతుకై నిరీక్షణ, నిన్నటి తొలిపరుగు అలసట, ఉక్కలో సరిగా పట్టని నిద్ర, వారాలతరబడి సగంలో ఆపుకొన్న సాధన, ఇవన్నీ కలిసి చివరి చుట్టులో లెక్కకు వస్తాయి.

ఇక కాలపరిమితి విషయం. ప్రపంచ పోటీలకు వెళ్ళాలంటే నిర్ణయించిన గడువులోపల నిర్ణయించిన కాలాన్ని సాధించాలి. మన దేశంలో ఆ గడువుకు ముందు వచ్చే చివరి జాతీయ పోటీ తరచుగా వేసవిలోనో, తొలకరి ఉక్కలోనో పడుతున్నది. టోకియో ఒలింపిక్స్‌కు ముందు 2021 జూన్ చివరి వారంలో పటియాలాలోను, పారిస్‌కు ముందు 2024 జూన్ చివరి వారంలో పంచకులాలోను అంతర్రాష్ట్ర పోటీలు జరిగాయి. 2017లో లండను ప్రపంచ పోటీలకు ముందు ఆ అవకాశం మన గుంటూరు ప్రాంతానికే వచ్చింది. ఆ సంవత్సరం జూలై 15 నుండి 18 వరకు ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయ మైదానంలో అంతర్రాష్ట్ర పోటీలు నడిచాయి.

ఆ పోటీలకు వచ్చినవారిలో కేరళలోని పాలక్కాడు జిల్లాకు చెందిన పి. యు. చిత్ర ఒకరు. ఆమె వ్యవసాయ కూలీల కుమార్తె. గుంటూరు పోటీలకు కొద్దిరోజుల ముందే భువనేశ్వరంలో జరిగిన ఆసియా పోటీలలో ఆమె 1500 మీటర్లను 4 నిమిషాల 17.92 సెకన్లలో పరుగెత్తి స్వర్ణపతకం గెలుచుకొన్నది. లండనుకు నిర్ణయించిన కాలం 4 నిమిషాల 7.50 సెకన్లు. తేడా పది సెకన్లకు పైగా, బాటమీద కొలిస్తే దాదాపు అరవై మీటర్లు. అయితే ఖండపు విజేతకు ఆ కాలంతో నిమిత్తం లేకుండా ప్రవేశం కల్పించే నియమం ఒకటి ఉన్నది. ఆ అవకాశాన్ని వినియోగించుకొనడమా మానడమా అన్నది జాతీయ సమాఖ్య ఇష్టం.

సమాఖ్య ఆమెను ఎంపిక చేయలేదు. భువనేశ్వరంలోని స్థాయిని ఆమె గుంటూరులో నిలుపుకొనలేదన్నది చెప్పిన కారణాలలో ఒకటి. చిత్ర కేరళ హైకోర్టును ఆశ్రయించినది. ఆమెను పంపవలసినదిగా కోర్టు జూలై 28న ఉత్తరువు ఇచ్చినది. అప్పటికే పేర్లు పంపే గడువు తీరిపోయినదని అంతర్జాతీయ సంస్థ అంగీకరించలేదు. ఆమె లండను వెళ్ళలేదు. మరుసటి సంవత్సరం జకార్తా ఆసియా క్రీడలలో కాంస్యం, 2019లో దోహాలో జరిగిన ఆసియా పోటీలలో మళ్ళీ స్వర్ణం గెలుచుకొన్నది.

ఆమె గుంటూరు పరుగుకు వాతావరణమొక్కటే కారణమనడం న్యాయం కాదు. సమాఖ్య వాదనలోనూ కొంత అర్థమున్నది. పది సెకన్లు చిన్న తేడా కాదు. అయితే మనం గమనించవలసినది మరొకటి ఉన్నది. పతకంకోసం పరుగెత్తే పందెం వేరు, కాలంకోసం పరుగెత్తే పందెం వేరు. మొదటిదానిలో ఎవరూ ముందు నడవడానికి ఇష్టపడరు. ఒకరినొకరు కనిపెట్టుకొని మూడు చుట్లు నెమ్మదిగా సాగి చివరి చుట్టులో విజృంభిస్తారు. రెండవదానికి యూరపులో చల్లని సాయంకాలాలలో ప్రత్యేకంగా పందేలు ఏర్పాటుచేసి, మొదటి చుట్లలో వేగం నిలపడానికి వేరొక పరుగరిని ముందు నడిపిస్తారు. అందుకే మన పరుగరులు కాలంకోసం విదేశాలకు వెళ్తున్నారు. జిన్సన్ జాన్సన్ 2019లో 1500 మీటర్లకు జాతీయ రికార్డుగా నెలకొల్పిన 3 నిమిషాల 35.24 సెకన్లు బెర్లిన్‌లో సాధించినదే. వెళ్ళే అవకాశం లేనివారు మాత్రం ఎండలో, పతకమూ కాలమూ రెండూ ఒకే పందెంలో సాధించవలసి వస్తున్నది.

అయినా ఎండకాలంలో మంచి పరుగు అసాధ్యమని నిరాశపడనక్కరలేదు. శ్రీరామ్ సింగ్ 1976లో మాంట్రియల్ ఒలింపిక్స్‌లో 800 మీటర్లకు నెలకొల్పిన 1 నిమిషం 45.77 సెకన్ల రికార్డు 42 ఏళ్ళు నిలిచింది. దానిని అదే జాన్సన్ 2018 జూన్ నెలలో గౌహతిలోనే 1 నిమిషం 45.65 సెకన్లతో అధిగమించాడు. దూరం తక్కువైనకొద్దీ ఎండ ప్రభావం తగ్గుతుందని మేము పైన చెప్పినదానికి ఇది అనుగుణంగానే ఉన్నది.

సెకనులో భాగానికి ఎంత విలువ ఉన్నదో తెలుసుకొనడానికి మన తెలంగాణ అమ్మాయి అగసర నందిని ఉదాహరణ చాలును. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో ఏడంశాల పోటీ అయిన హెప్టాథ్లాన్‌లో ఆమె 5712 పాయింట్లతో కాంస్యం సాధించినది. నాలుగవ స్థానంలో నిలిచిన స్వప్నా బర్మన్‌కు 5708 వచ్చాయి. ఈ పోటీలో చివరి అంశం 800 మీటర్ల పరుగు. అందులో ఒక సెకను సుమారు పద్నాలుగు పాయింట్లకు సమానం. అంటే పతకానికీ, పతకం లేకపోవడానికీ మధ్య ఉన్నది సెకనులో మూడవ వంతైనా కాదు.

ఇప్పుడు మళ్ళీ మన ఊరి రోడ్డుకు వద్దాము. 7 నిమిషాల 15 సెకన్లంటే చుట్టుకు 1 నిమిషం 48 సెకన్ల పైచిలుకు. ఆరోగ్యవంతుడైన యువకునికి క్రమమైన సాధనతో ఇది అందరాని కాలం కాదు. ప్రమాదమంతా తొందరలో ఉన్నది. 2024లో జార్ఖండులో ఆబ్కారీ కానిస్టేబుళ్ళ నియామకంకోసం గంటలో పది కిలోమీటర్ల పరుగు పరీక్ష పెట్టినప్పుడు పదిమందికి పైగా అభ్యర్థులు మరణించారు. ఆగస్టు, సెప్టెంబరు నెలల ఉక్కలో జరిగిన ఆ పరీక్షలను ప్రభుత్వం మధ్యలో కొన్నాళ్ళు ఆపవలసివచ్చింది. ఉద్యోగంకోసం ఇల్లు విడిచిన పిల్లలు తిరిగి రాకపోవడంకన్న దుఃఖకరమైనది మరేమున్నది?

కనుక సాధన చేసేవారికి, వారి తల్లిదండ్రులకు మేము కొన్ని మాటలు చెప్పదలచినాము. శరీరం ఎండకు అలవాటుపడడానికి పది నుండి పద్నాలుగు రోజులు పడుతుంది. ఈలోగా రక్తంలో ద్రవభాగం పెరుగుతుంది, చెమట త్వరగా పోయడం మొదలవుతుంది, దానిలో ఉప్పు తగ్గుతుంది. ఈ అలవాటును కొద్దికొద్దిగా చేసుకోవాలి. మొదటి రోజుననే గడియారం పట్టుకొని పూర్తి దూరం పరుగెత్తరాదు. వేగపు సాధన సూర్యోదయానికి ముందు ముగించాలి. జ్వరం, విరేచనాలు ఉన్న రోజున, రాత్రి నిద్ర లేని రోజున పరుగు మానుకోవాలి. ఉప్పు వేసిన మజ్జిగ, ఉప్పు పంచదార కలిపిన నిమ్మరసం మంచివి. ఒక్కసారిగా చెంబులకొద్దీ వట్టి నీళ్ళు తాగడం మంచిది కాదు. పరీక్షకు ముందు ఉత్తేజం కలిగిస్తాయని ఎవరో ఇచ్చే మాత్రలు, సూదిమందులు ప్రాణాంతకం కావచ్చు.

తలతిరగడం, వాంతి, కాళ్ళు పట్టుకొనిపోవడం కనబడితే పరుగు ఆపి నీడకు చేరాలి. మాట తడబడినా, మనుషులను పోల్చుకొనలేకపోయినా, స్పృహ తప్పినా అది వడదెబ్బ. శరీరపు వేడి 40 డిగ్రీలు దాటిన స్థితి అది. అప్పుడు ముందు ఒళ్ళు చల్లబరచి ఆ తరువాత ఆసుపత్రికి తరలించాలన్నది వైద్యుల సూత్రం. బట్టలు వదులుచేసి, దొరికిన చల్లని నీళ్ళన్నీ ఒంటిమీద కుమ్మరిస్తూ విసరాలి. స్పృహ లేనివాని నోట నీరు పోయరాదు. అంబులెన్సుకు 108కి చెప్పి, అది వచ్చేదాకా చల్లబరచడం ఆపరాదు.

గడియారం చూపే కాలంలో పరుగరి శక్తితోపాటు ఆనాటి ఎండ, గాలిలోని తేమ, పందెం నడిచిన తీరు కూడా కలిసి ఉంటాయి. పోటీలు నిర్వహించేవారు ఈ సంగతి గుర్తించి పరుగులను తెల్లవారుజామునకో సాయంత్రానికో మార్చడం, మైదానంలో నీడ, నీరు, వైద్యుడు సిద్ధంగా ఉంచడం పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు. ఇక ఇంట్లోవారు చేయగలది కూడా ఒకటి ఉన్నది. పరుగెత్తి వచ్చిన బిడ్డను "ఎన్ని నిమిషాలలో వచ్చినావు?" అని అడగడానికి ముందు, "ఒంట్లో ఎట్లా ఉన్నది?" అని అడగడం మరువకుందురుగాక.