సీసా మారితే లెక్క మారుతుంది

రాత్రి పదకొండున్నరకి ఫోన్. పక్క అపార్ట్‌మెంట్‌ అమ్మాయి. "అక్కా, బాబుకి ఒళ్లు కాలిపోతోంది. ఇక్కడి మందు అయిపోయింది. అత్తయ్యగారు ఇండియా నుంచి తెచ్చిన డ్రాప్స్ ఉన్నాయి. ఎప్పట్లాగే 5 ఎంఎల్ పోసేయనా?"

"ఆగు, సీసా మీద ఏముందో చదువు" అన్నాను. "1 ఎంఎల్‌కి 100 మిల్లీగ్రాములు" అంది. అస్సలు పోయొద్దన్నాను. ఎందుకో మీకూ చెప్తాను. మనలో చాలామంది ఇళ్లల్లో రెండు దేశాల సీసాలూ ఒకే అరలో ఉంటాయి కదా!

బడిలో అనులోమానుపాతం అని చదువుకున్నాం, గుర్తుందా? ఒకటి రెట్టింపైతే రెండోదీ రెట్టింపవుతుంది. గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్లు, మూడు గ్లాసులకి ఆరు. ఇక్కడ మారని అంకె 2. దాన్నే స్థిరాంకం అంటారు. కానీ కొత్త బియ్యం వస్తే నీళ్లు తగ్గిస్తాం. అంటే బియ్యం మారితే ఆ అంకె కూడా మారిందన్నమాట.

జ్వరం మందూ అంతే. ఇండియాలో పారాసెటమాల్ అన్నా, అమెరికాలో ఎసిటమినోఫెన్ అన్నా మందు ఒక్కటే. పిల్లలకి ఒక్కో డోసు కిలో బరువుకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు. మా పక్కింటి బాబుకి రెండేళ్లు దాటాయి, 12 కిలోలు. అంటే 120 నుంచి 180 మిల్లీగ్రాములు.

ఇప్పుడు అదే 5 ఎంఎల్ నాలుగు సీసాల్లోంచి తీసి చూడండి:

5 ఎంఎల్‌కి 120 ఉన్న సిరప్: 120 మిల్లీగ్రాములు.
అమెరికా పిల్లల సిరప్: 160.
ఇండియాలో దొరికే 250 సిరప్: 250.
ఆ రాత్రి డ్రాప్స్: 500!

బాబు హద్దు 180. 500 అంటే దాదాపు మూడింతలు. మోతాదు మించితే దెబ్బ తగిలేది లివర్‌కి. అమెరికాలోనూ ఒకప్పుడు పసిపిల్లల డ్రాప్స్ చిక్కగా ఉండేవి. ఇలాంటి పొరపాట్లు తగ్గించాలనే 2011లో కంపెనీలు వాటినీ 5 ఎంఎల్‌కి 160కే మార్చడం మొదలుపెట్టాయి.

ఇంకో తికమక, పౌండ్లు. బాబు బరువు ఇక్కడి క్లినిక్ కాగితంలో 26 అని ఉంటుంది. దాన్ని కిలోలనుకుంటే డోసు రెట్టింపు దాటిపోతుంది. పౌండ్లని 2.2తో భాగిస్తేనే కిలోలు.

ఈ అనుపాతం బరువుతోనే, జ్వరంతో కాదు. జ్వరం 101 నుంచి 103కి పెరిగిందని మందు పెంచకూడదు. బరువుతో కూడా ఎల్లకాలం పెరగదు. 100 కిలోల మనిషికి లెక్క 1500 చూపించినా, పెద్దవాళ్లకి ఒక్కసారికి 1000 మించకూడదు. పిల్లలకి డోసుకీ డోసుకీ మధ్య కనీసం 4 గంటలు ఉండాలి. ఇక్కడి లేబుల్ ప్రకారం రోజుకి 5 సార్లు మించకూడదు. జలుబు మందుల్లో కూడా ఇదే ఉండొచ్చు, చూసుకోండి. రెండేళ్లలోపు పిల్లలకైతే డాక్టర్నడిగే ఇవ్వాలి. మూడు నెలల్లోపు పసికందుకి జ్వరమొస్తే మందు కాదు, వెంటనే డాక్టరు.

ఆ రాత్రి వాళ్లాయన 24 గంటల ఫార్మసీకి వెళ్లి మామూలు సిరప్ తెచ్చారు. తెల్లారేసరికి బాబు ఆడుకుంటున్నాడు.

మీరు ఇవాళే ఒక పని చేయండి. అరలో ఉన్న ప్రతి సీసా మీదా "1 ఎంఎల్‌లో ఎన్ని మిల్లీగ్రాములు" అని మార్కర్‌తో పెద్దగా రాయండి. వంటింటి చెంచా పక్కన పెట్టి, సీసాతో వచ్చిన సిరంజితోనే కొలవండి. పిల్లల్ని చూసుకోవడానికి వచ్చిన అమ్మకీ, అత్తయ్యకీ కూడా ఇది చదివి వినిపించండి.